రోడ్డు వేరు... టైరు జాడ వేరు



వార్షికోత్సవ సంచిక అనగానే మెస్ చార్జీల గురించి, చదువు విలువ గురించి, పోటీ పరీక్షల గురించి రాయడం మన ఆనవాయితీ. అవన్నీ రాయవలసినవే. ఈసారి మేము మాత్రం అట్లాసులో వేలు పెట్టి వెతికితే తప్ప దొరకని ఒక దీవి గురించి రాస్తున్నాం. మాలో ఎవరమూ ఆ దీవికి వెళ్లలేదు. వెళ్లే స్తోమత ఇప్పట్లో వస్తుందనీ అనుకోవడం లేదు. అయినా దాని గురించి చదివాం, సినిమాలు చూశాం, మాలో మేము గట్టిగా వాదించుకున్నాం. మాలో టీచర్లున్నారు, లారీ డ్రైవర్లున్నారు, ఆఫీసు గుమాస్తాలున్నారు, ఇంకా ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు. వాదన చివర మా అందరికీ ఒక అభిప్రాయం కుదిరింది. అదే ఈ వ్యాసం.

ఆ దీవి పేరు సొకోత్రా. అరేబియా సముద్రంలో, ఆఫ్రికా ఖండం కొమ్ములా ముందుకు పొడుచుకొచ్చిన సొమాలియా కొసకు తూర్పున ఉంటుంది. యెమెన్ దేశానికి చెందినది. వైశాల్యం సుమారు 3,600 చదరపు కిలోమీటర్లు. మధ్యలో హజ్హీర్ అనే నల్లరాతి కొండలు దాదాపు 1,500 మీటర్ల ఎత్తుకు లేచి ఉంటాయి. వాటికి ఇటూ అటూ సున్నపురాతి పీఠభూములు పరుచుకుని ఉంటాయి. ఆ పీఠభూముల మీద, వాన పడిన నెలల్లో పచ్చగానూ మిగతా నెలల్లో ఎండిపోయి పసుపుపచ్చగానూ కనిపించే గడ్డి నేలలున్నాయి. మా వాదనంతా ఆ గడ్డి నేలల గురించే.

జీపు ఎక్కి చూసే దీవి

సొకోత్రాకు వెళ్లే యాత్రికులందరూ దాదాపు ఒకే రకంగా తిరుగుతారు. ఉత్తర తీరంలో ఉన్న హదీబో అక్కడి ముఖ్య పట్టణం. అక్కడ నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పెద్ద జీపు మాట్లాడుకుంటారు. తీరం వెంట కొంత దూరం వెళ్లి దక్షిణానికి తిరిగితే, దారి మెలికలు తిరుగుతూ దిక్సం పీఠభూమి మీదికి ఎక్కుతుంది. పైకి చేరాక రోడ్డు పోయి రాతి బాట వస్తుంది. ఒక పక్క దిర్హూర్ వాగు కోసిన లోతైన లోయ, ఆవలి గట్టున ఫిర్మిహిన్ అడవి. గొడుగు తిరగేసినట్టుండే నెత్తురు చెట్లు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. అక్కడినుంచి దక్షిణాన దిగితే నోగద్ మైదానం, తెల్లని ఇసుక దిబ్బలు, సముద్రం. తూర్పు వైపు వెళ్లేవాళ్లకు మోమీ పీఠభూమి, హోమ్‌హిల్ లోయ ఉంటాయి.

ఈ ప్రయాణాల మీద తీసిన సినిమాల్లో ఒక దృశ్యం తప్పకుండా ఉంటుంది. బాట వదిలేసి, గడ్డి మీద అడ్డంగా, దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయే జీపు. వెనక సంగీతం. ఎవరూ అడుగుపెట్టని నేల అని ఒక గంభీరమైన గొంతు చెబుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. మాకూ పులకరించింది, అబద్ధమెందుకు? అయితే మాలో ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టుకున్న అన్న ఒకాయన ఒక ప్రశ్న అడిగాడు. "పక్కనే బాట కనబడుతుంటే వీడు గడ్డిలోకి ఎందుకు దింపాడు?" మా చర్చ మొదలైంది ఆ ప్రశ్నతోనే.

సున్నపురాయి అంటే ఏమిటి?

సున్నపురాయి మనకు కొత్త కాదు. బేతంచెర్ల బండలు, తాండూరు బండలు మన ఇళ్లలోనే ఉన్నాయి. బెలూం గుహలు చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. వాననీటిలో కలిసిన కొద్దిపాటి ఆమ్లం ఈ రాయిని వేల సంవత్సరాలుగా మెల్లగా కరిగిస్తూ పోతుంది. పగుళ్లు పడతాయి, పగుళ్లు సందులవుతాయి, సందులు గుహలవుతాయి. పడిన నీరు పైన నిలవకుండా లోపలికి దిగిపోతుంది. అందుకే సున్నపురాతి నేల మీద వాన పడినా దాహం తీరదు.

సొకోత్రా పీఠభూముల రాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నది. దాని మీద మట్టి బాగా పలుచన. చాలాచోట్ల మట్టి అంతా రాతి పగుళ్లలోనే ఉంటుంది. గడ్డి వేరు, పొద వేరు ఆ పగులులోకే దిగి, ఆ పిడికెడు మట్టినీ ఆ గుక్కెడు తేమనూ పట్టుకుని బతుకుతాయి. మన నల్లరేగడిలో ట్రాక్టరు తిరిగితే గాడి పడుతుంది, మరుసటి దుక్కికి అది చెరిగిపోతుంది. అక్కడ దుక్కి లేదు. రెండు టన్నుల పైబడిన బండి ఆ పలుచని మట్టిని నొక్కితే అది గట్టిపడుతుంది. ఆపైన వాన లోపలికి ఇంకదు, గాడి వెంట పారుతుంది. పారే నీరు మట్టిని కోసుకుపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ దీవి మీద నైరుతి గాలి భయంకరంగా వీస్తుంది. వదులైన మట్టి ఏదైనా ఉంటే ఆ గాలి ఎత్తుకుపోతుంది. చివరకు రాయి మిగులుతుంది.

ఇంకో సంగతి కూడా మా డ్రైవర్ అన్నే చెప్పాడు. గాడి లోతైతే వెనక వచ్చే బండి అందులో దిగదు, పక్కనుంచి పోతుంది. ఆ పక్కన కూడా గాడి పడితే మూడో బండి ఇంకా పక్కకు జరుగుతుంది. ఒక్క బాట అయిదు బాటలవుతుంది. మన ఊరి చెరువు గట్టు మీద వానాకాలంలో జరిగేది ఇదే. మన దగ్గర మళ్లీ మొలుస్తుంది. అక్కడ మొలవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి.

ఖాళీ నేల అనేది ఉందా?

ఎవరూ అడుగుపెట్టని నేల అన్న మాట దగ్గర మేము ఎక్కువసేపు ఆగాం. ఎందుకంటే అది నిజం కాదు.

ఆ దీవిలో వేలాది మంది మనుషులున్నారు. వాళ్ల భాష సొకోత్రీ. అది అరబీ భాషకు దూరపు చుట్టమే గానీ అరబీ కాదు. తరతరాలుగా లిపి లేకుండా పాటల్లో, కథల్లో, సామెతల్లో నోటి మీదే బతికింది. తీరంలో చేపలు పడతారు, ఖర్జూరం పండిస్తారు. కొండల మీదా పీఠభూముల మీదా మేకలు, గొర్రెలు, పొట్టి ఆవులు మేపుతారు. ఏ కాలంలో ఏ మేతకు పోవాలో, ఏ రాతి కుంటలో ఎన్ని రోజులు నీరు నిలుస్తుందో వాళ్లకు తెలుసు. ఏ మేత ఏ వంశానిదో, కరువు వస్తే ఎవరి నేలలోకి ఎవరు మందను తోలుకోవచ్చో పెద్దలు కూర్చుని తేల్చుకునే కట్టుబాట్లు పూర్వంనుంచీ ఉన్నాయి. పీఠభూముల మీద అడ్డంగా సాగిపోయే పొడవాటి పాత రాతి గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. గోడలున్న నేలను ఎవరూ అడుగుపెట్టని నేల అని ఎలా అంటారు?

జీపు అద్దంలోంచి చూస్తే గడ్డి నేల ఖాళీగానే కనిపిస్తుంది. మేకల కాపరి కళ్లతో చూస్తే అందులో ఒక్క గజం కూడా ఖాళీ ఉండదు. ఈ తేడా మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన ఊళ్లలో బంజరు అని, పోరంబోకు అని రికార్డుల్లో రాసిన నేలల్లోనే మన అమ్మలు పుల్లలు ఏరారు, మన నాన్నలు గొడ్లను మేపారు. కాగితం మీద ఎవరిదీ కానిది మన కడుపు నింపింది. తర్వాత ఒకరోజు అదే నేలకు కంచె పడితే, ఇది ఖాళీ జాగానే కదా అన్నారు. ఖాళీ అనే మాట పలికేవాడికి తేలిక. అక్కడ బతికేవాడికి బరువు.

గడ్డి నేల అంటే పనికిరాని నేల అనుకోవడం మన దగ్గర పక్షులను కూడా పోగొట్టింది. బట్టమేక పక్షి కోసం 1988లో కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటు చేశారు. చుట్టుపక్కల గడ్డి నేలలు పొలాలై, కాలువలొచ్చి, ఆ పక్షి అక్కడ కనబడడమే గగనమైపోయింది. అడవి పోతే అందరూ గోల చేస్తారు. గడ్డి పోతే అడిగేవాళ్లుండరు.

మంచును తాగే చెట్టు

సొకోత్రాను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కారణం దాని జీవజాలం. అక్కడి 825 రకాల మొక్కల్లో 37 శాతం, పాముల్లో బల్లుల్లో 90 శాతం, నేల నత్తల్లో 95 శాతం ప్రపంచంలో మరెక్కడా లేవు. మరెక్కడా లేవు అంటే, అక్కడ పోతే ఇక లేనట్టే. జాబితాలో చేర్చినప్పుడే యునెస్కో కొన్ని జాగ్రత్తలూ చెప్పింది. రోడ్ల మీద వాహనాల అదుపు వాటిలో ఒకటి.

అన్నిటికన్నా పేరున్నది నెత్తురు చెట్టు. బెరడుకు గాటు పెడితే ఎర్రని బంక కారుతుంది. అరబీలో ఆ బంకను ఇద్దరన్నదమ్ముల రక్తం అంటారు. పూర్వం మందుకూ రంగుకూ దూరదేశాలకు వెళ్లేది. ఈ చెట్టు గొడుగు ఆకారం అందానికి వచ్చింది కాదు. సముద్రంనుంచి వచ్చే మంచు తెరలు ఆ కత్తుల్లాంటి ఆకులకు తగిలి నీటి బొట్లవుతాయి, కొమ్మల వెంట జారి వేరు దగ్గరకు చేరతాయి. ఆ నీడలో, ఆ తడిలో చిన్న మొక్కలు బతుకుతాయి. చెట్టుకు వయసు వలయాలుండవు కాబట్టి కొమ్మ ఎన్నిసార్లు చీలిందో లెక్కపెట్టి వయసు అంచనా వేస్తారు. అంత నెమ్మదిగా పెరిగే చెట్టు అది.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. నెత్తురు చెట్టుకు ముప్పు తెచ్చింది టైరొక్కటే అంటే అది తప్పు మాట. 2015 నవంబరులో వారం తిరక్కుండానే చపాల, మేఘ్ అనే రెండు తుపాన్లు ఆ దీవిని కొట్టాయి. 2018 మే నెలలో మెకును వచ్చింది. పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. రెండోది మేకలు. మొలిచిన మొలకను మొలిచినట్టే తినేస్తాయి. అందుకే చాలాచోట్ల ముసలి చెట్లే ఉన్నాయి, పిల్ల చెట్లు లేవు. కంచె కట్టి మొలకలు పెంచుతున్న స్థానికులు ఉన్నారు. వాళ్ల శ్రమకు దండం పెట్టాలి.

అయితే తప్పంతా మేకలదే, కాపరులదే అని తేల్చేసే పెద్దమనుషులతో మేము ఏకీభవించం. మేక నిన్న మొన్న ఆ దీవికి రాలేదు. మేపే మనిషికి మేక అంటే బ్యాంకు పాసుపుస్తకం. మాలో కొందరి టెన్త్ ఫీజు మేకపిల్ల అమ్మితేనే వచ్చింది. మేక తింటే కాపరి బతుకుతున్నాడు. బాట వదిలి జీపు తొక్కితే ఎవరు బతుకుతున్నారు? ఒకటి అవసరం, రెండోది సరదా. రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. మేకకు మేత, మొలకకు కంచె రెండూ కుదిరే దారిని వెతకాలి. సరదాకు మాత్రం హద్దు గీయాలి.

అయితే రోడ్డు వద్దా?

మా వాదన బాగా వేడెక్కింది ఈ దగ్గరే. దీవి అలాగే ఉండాలంటే రోడ్లే వేయకూడదని మాలో ఒకరు అన్నారు. మిగతావాళ్లం ఒప్పుకోలేదు.

రోడ్డు లేకపోతే ఏమవుతుందో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఊళ్లో సిమెంటు రోడ్డు అన్ని వీధులూ తిరిగి చిట్టచివర మన వాడకు వస్తుంది, కొన్నిసార్లు వాడ మొదట్లోనే ఆగిపోతుంది. మన్యం గూడేల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతున్నాం. సొకోత్రాలోనూ అంతే. నైరుతి గాలి వీచే నెలల్లో పూర్వం పడవలు వెళ్లేవి కావు, ఆ నాలుగు నెలలూ దీవికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయేది. విమానాశ్రయం 1999లో వచ్చింది. తర్వాతి ఏళ్లలో తారు రోడ్లు వచ్చాయి. జ్వరమొచ్చిన బిడ్డను కొండ దించి హదీబో తీసుకువెళ్లాలనుకునే తల్లికి ఆ రోడ్డు ఒక వరం. ప్రకృతి అందం చెడుతుంది కాబట్టి మీరు అలాగే ఉండండి అని ఆ తల్లికి చెప్పే హక్కు టికెట్టు కొనుక్కుని వారం రోజులు చూడటానికి వచ్చినవాడికి లేదు. వ్యాసం రాస్తున్న మాకూ లేదు.

అందుకే మేము గీత ఇక్కడ గీస్తున్నాం. రోడ్డు వేరు, టైరు జాడ వేరు. రోడ్డు ఊరిని ఊరితో కలుపుతుంది. ఎక్కడ వేయాలో ఆ ఊరివాళ్లను అడిగి, వాగు దారి మూయకుండా, పాత గోడలు కూలగొట్టకుండా, అవసరమైనంత వెడల్పే వేస్తే దానివల్ల జరిగే నష్టం కొంత, లాభం ఎంతో. బాట వదిలిన టైరు జాడ ఏ ఊరికీ పోదు. ఒక ఫొటో దగ్గరకు పోయి ఆగిపోతుంది.

రోడ్డు వేసేవాళ్లకూ ఒక మాట. రోడ్డు అన్న పేరుతో చేసిందంతా మంచిదే అని మేము అనడం లేదు. అవసరానికి మించి వెడల్పు తవ్వి, తవ్విన రాయిని వాలులోకి దొర్లించి, నీరు పోవడానికి తూము కూడా పెట్టకుండా పోతే అది కూడా టైరు జాడకు పెద్దన్నే అవుతుంది.

యాత్రికుడికి మా మాట

రాళ్ల బాట మీద బండి నడపడం ఒక విద్య. టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి, చిన్న గేరులో నాలుగు చక్రాలూ పట్టేలా మెల్లగా పోవాలి, పదునైన రాయి టైరు పక్కను కోయకుండా చూసుకోవాలి. మా డ్రైవర్ అన్న లెక్కలో మంచి డ్రైవర్ అంటే గడ్డిలో దూసుకుపోయేవాడు కాడు, ఎంత గతుకుల బాటైనా బాట వదలకుండా బండిని గట్టెక్కించేవాడు. మేమంతా ఆ లెక్కను ఒప్పుకున్నాం. దీనికి తోడు మేము కోరేవి కొన్నే. ఉన్న ఒక్క బాటలోనే పోవాలి. బాట ఆగిన చోట దిగి నడవాలి. నేల తడిగా ఉన్నప్పుడు గడ్డి దగ్గరకు చక్రం పోకూడదు. స్థానిక డ్రైవరు, స్థానిక దారి చూపేవాడు ఉండాలి, వాళ్లు వద్దన్న చోట వద్దనే అర్థం. యాత్రికుడు ఇచ్చే డబ్బు హదీబోలోనే ఆగిపోకుండా ఆ మేత నేలల మనుషులకు చేరాలి.

ఆ దీవికి మన దేశంతో పాత చుట్టరికం ఉంది. దీవి ఈశాన్యాన హోక్ అనే సున్నపురాతి గుహ ఉంది. అందులో 2001 ప్రాంతంలో బెల్జియం గుహాన్వేషకులు రెండు వందలకు పైగా పాత రాతలను గుర్తించారు. ఎక్కువ భాగం బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ల నుంచి పదిహేను వందల ఏళ్ల కిందటి వరకు భరుకచ్ఛం, అంటే ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్ వంటి రేవులనుంచి వెళ్లిన నావికులూ వర్తకులూ రాసుకున్న పేర్లవి. పడవ ఎక్కి, గాలి కోసం నెలల తరబడి ఆగి, చీకటి గుహలో దీపం పట్టుకుని లోపలికి నడిచి వెళ్లి, తన పేరూ తండ్రి పేరూ రాసి వచ్చారు. ఈరోజు అలా రాయడం తప్పే. కానీ ఆ యాత్రికుడు నడిచి వెళ్లాడు. ఆ దీవి గాలికీ కాలానికీ లోబడి వెళ్లాడు. మనమూ ఎక్కడికి వెళ్లినా అక్కడి గాలికీ నేలకూ లోబడి వెళ్లడమే మర్యాద.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో రేపు ఇంజనీర్లు కాబోయేవాళ్లున్నారు, రోడ్లకు కొలతలు తీస్తారు. రెవెన్యూ ఆఫీసుల్లో కూర్చునేవాళ్లున్నారు, ఏ నేల ఖాళీయో ఏది కాదో రికార్డులో రాస్తారు. డ్రైవర్లున్నారు, టూరిస్టు బండ్లు నడుపుతారు. సొకోత్రా మీకు ఎప్పటికీ దక్కకపోవచ్చు. కానీ మీ చేతికి ఏదో ఒక గడ్డి నేల తప్పకుండా వస్తుంది. అప్పుడు బండి దిగండి. ఆ నేల మీద ఎవరి మంద మేస్తోందో అడగండి. ఏ ఊరికి రోడ్డు లేదో ఆ ఊరికి ముందు వేయించండి. ఏ ఊరికీ పోని జాడను మాత్రం పడనివ్వకండి.

మా మాటతో విభేదించేవాళ్లుంటే వచ్చే సంచికలో తప్పకుండా రాయండి. వాదించుకోవడం మనకు ఈ హాస్టలే నేర్పింది.

- పాత విద్యార్థుల బృందం